మోకీలు మార్పిడి: సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలి, ఆపరేషన్‌కి ఎలా సిద్ధపడాలి?

వెన్నెలదారి

అందరికీ నమస్కారం. మా అమ్మకి 67 ఏళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంది. రాత్రి ఒత్తిగిలినా నొప్పికి మెలకువ వచ్చేస్తోంది.

ముగ్గురు డాక్టర్లకి చూపించాం. ఒకరు రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేద్దామన్నారు. ఇంకొకరు బరువు తగ్గించి, కొన్నాళ్లు వ్యాయామం చేయించి చూద్దామన్నారు. మూడో ఆయన చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల శుభ్రం చేస్తే సరిపోతుందన్నారు. ముగ్గురి పేర్ల వెనకా బోలెడన్ని డిగ్రీలున్నాయి. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

ఎముకల_వైద్యం (ఆర్థోపెడిక్ సర్జన్)

వెన్నెలదారి గారూ, ముందు ఆ మూడో సలహా సంగతి తేల్చేద్దాం. అరుగుదల వల్ల నొప్పి పుట్టే మోకాలిని ఆర్థ్రోస్కోపీతో కడిగి శుభ్రం చేయడం ఒకప్పుడు విపరీతంగా జరిగేది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద దీన్ని పరీక్షించారు. కొందరికి నిజంగానే లోపల శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకి చెప్పలేదు. 2002లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ల పాటు గమనించినా రెండు వర్గాల నొప్పిలో తేడా కనిపించలేదు. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి అరిగిన మోకాళ్లకి ఈ ఆపరేషన్ వద్దని గట్టిగానే చెప్పింది. కాబట్టి అమ్మగారి వయసుకి, మీరు చెప్పిన లక్షణాలకి, ఆ దారిలో వెళ్లకండి.

మిగతా ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అన్నది ఎక్స్‌రే చూడకుండా చెప్పలేను. ఆ ఎక్స్‌రే ఎలా తీశారో మాత్రం చూసుకోండి. పడుకోబెట్టి తీస్తే రెండు ఎముకల మధ్య సందు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నిలబెట్టి, కాళ్ల మీద బరువు పడుతున్నప్పుడు తీస్తేనే లోపలి వైపు ఎముకకి ఎముక తగులుతోందా లేదా అన్నది బయటపడుతుంది. పడుకోబెట్టి తీసిన ఫిల్ము ఒక్కదాన్ని చూసి ఆపరేషన్ కావాలనో అక్కర్లేదనో తేల్చకూడదు. నిలబెట్టి తీసినదైనా సగం కథే చెబుతుంది. నాలుగో గ్రేడ్, అంటే అన్నిటికంటే ఎక్కువ అరుగుదల ఉన్నా తమ పనులు తాము చేసుకునేవాళ్లున్నారు, రెండో గ్రేడ్‌కే కదల్లేనివాళ్లూ ఉన్నారు. నిద్ర చెడుతోందా, ఎంత దూరం నడవగలుగుతున్నారు, మందులూ వ్యాయామం నిజాయితీగా ప్రయత్నించి చూశారా అన్నవి కూడా కలిపి చూడాలి.

ఇక డిగ్రీల సంగతి. వైద్య డిగ్రీ అయ్యాక ఎముకల విభాగంలో ప్రత్యేక శిక్షణ ఉంటుంది. కొన్ని దేశాల్లో 3 ఏళ్లు, కొన్నింటిలో 5 ఏళ్లు, ఇంకొన్నింటిలో అంతకంటే ఎక్కువ. ఆ శిక్షణలో విరిగిన ఎముకలు, వెన్ను, పిల్లల కాళ్ల వంకరలు, చేయి, ఎముకల కణితులు అన్నీ కలిసే ఉంటాయి. ఆ తర్వాతే కొందరు కీళ్ల మార్పిడిలోనో, వెన్నెముకలోనో, ఆటగాళ్ల గాయాల్లోనో ఫెలోషిప్ చేస్తారు. అది మామూలుగా ఏడాది. ఏడాది పాటు సీనియర్ పక్కన నిలబడి రోజూ కీళ్లు మార్చడం వేరు, రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవడం వేరు. బోర్డు మీద మాత్రం రెండూ ఒకే వరుసలో ఉంటాయి. ఫెలోషిప్ ఎక్కడ, ఎన్నాళ్లు చేశారని అడగండి. అందులో మర్యాద తక్కువేమీ లేదు.

ఇంకా కొన్ని అడగండి. ఏడాదికి మోకాళ్లు ఎన్ని మారుస్తారు? మీ దగ్గర ఇన్ఫెక్షన్ ఎంతమందికి వచ్చింది? కత్తి పట్టేది మీరేనా, మీ పర్యవేక్షణలో ఇంకొకరా? రేపు ఏదైనా తేడా వచ్చి మళ్లీ తెరవాల్సి వస్తే అదీ మీరే చేస్తారా? ఇప్పుడు చేయించుకోకపోతే ఏమవుతుంది? చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. అరుగుదల అత్యవసర జబ్బు కాదు, ఈ నెలలోనే చేయాలని తొందరపెట్టాల్సిన పని చాలా అరుదు. "ఇంకొన్నాళ్లు ఆగొచ్చు, ఆగితే ఇది లాభం, ఇది నష్టం" అని విడమరిచి చెప్పే సర్జన్ దగ్గర మీరు నిశ్చింతగా కూర్చోవచ్చు.

మళ్ళీ_నడక

నేను ఒక మోకాలు మార్పించుకున్నాను. డాక్టర్ గారు చెప్పిన ఆ చివరి ప్రశ్న నేనూ అడిగాను. మా సర్జన్ కాగితం మీద మోకాలి బొమ్మ గీసి, నా కాలు ఎంత వంగిపోయిందో, ఇంకా ఆలస్యమైతే కండ ఎలా బలహీనపడుతుందో చూపించారు. ఆరు వారాలు తొడ కండరాల వ్యాయామం చేసి రమ్మని పంపారు. అప్పటికీ నొప్పి తగ్గకపోతేనే తేదీ ఇస్తామన్నారు. ఆపరేషన్ తర్వాత వాకర్ పట్టుకుని నిలబడగలిగానంటే ఆ వ్యాయామమే కారణం.

వెన్నెలదారి

డాక్టర్ గారూ, చాలా చాలా థాంక్స్. ఎక్స్‌రే పడుకోబెట్టే తీశారండీ! మళ్లీ తీయిస్తాం. రెండూ ఒకేసారి చేయించడం మంచిదా? ఒకే నొప్పితో అయిపోతుంది కదా అని అమ్మ అంటోంది.

ఎముకల_వైద్యం

ఒకేసారి చేస్తే ఒకే మత్తు, ఒకేసారి ఆసుపత్రి, ఫిజియో కూడా ఒకే దఫా. కానీ రక్తం ఎక్కువ పోతుంది, గుండె మీదా ఊపిరితిత్తుల మీదా భారం పెరుగుతుంది. నిలబడడానికి ఆసరాగా మంచి కాలంటూ ఒకటి మిగలదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లకి నేను ఒకేసారి చేయను. ఎక్కువ బాధ పెడుతున్న కాలు ముందు చేసి, కొన్ని నెలలు ఆగి రెండోది చేయడం నాకిష్టం. మొదటిది కుదుటపడ్డాక బరువు దాని మీద మోపడం వల్ల రెండో కాలి నొప్పి తగ్గి, ఆపరేషన్ వాయిదా వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

అమ్మగారి బరువు ఎక్కువైతే అది ఇప్పటినుంచే తగ్గించండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు ఒక్కో అడుగుకీ మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుంది.

సందేహం_ఉంది

ఆ లోహపు మోకాలు ఎన్నాళ్లు పనిచేస్తుంది? పదేళ్లకి అరిగిపోతుందని, మళ్లీ మార్చాలని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. రోబోతో చేయిస్తే ఎక్కువ కాలం వస్తుందా?

ఎముకల_వైద్యం

పదేళ్ల మాట పాతది. పలు దేశాల రిజిస్ట్రీల (మార్చిన కీళ్ల వివరాలు రాసి ఉంచే పట్టికల) లెక్కలు కలిపి 2019లో ఒక పరిశీలన ప్రచురించారు. అందులో పూర్తి మోకీలు మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా మళ్లీ మార్చాల్సిన అవసరం లేకుండా ఉన్నాయి. తుంటి కీలుకి ఆ సంఖ్య 58 శాతం. కీలులో లోహపు భాగాల మధ్య ఇప్పుడు వాడే ప్లాస్టిక్ అప్పటికంటే మెరుగైంది.

ఈ ప్లాస్టిక్ వెనక కథ చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1950ల చివర్లో తుంటి కీలు మార్పిడి మీద పనిచేసేవారు. లోహపు బంతి తిరిగే గిన్నెని మొదట టెఫ్లాన్‌తో చేశారు. అది కొద్ది ఏళ్లకే అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేసింది. వేసిన కీళ్లని మళ్లీ ఆయనే తీయాల్సి వచ్చింది. 1962లో పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌లో ఒక రకం దొరికింది. అది టెఫ్లాన్‌లా అరగలేదు. మోకీలులో కూడా ఈనాటికీ తొడ ఎముకకి కోబాల్ట్ క్రోమ్ అనే లోహపు తొడుగు, కాలి ఎముక మీద లోహపు పళ్లెం, వాటి మధ్య ఆ జాతి పాలిథిలీనే వాడుతున్నాం. తాను వేసిన కీలు ఎలా ఉందో ఏళ్ల తరబడి చూసుకోవాలన్న అలవాటు మా వృత్తికి అలాంటి దెబ్బల నుంచే వచ్చింది. స్వీడన్‌లో 1975 నుంచే మోకీలు మార్పిడులన్నీ జాతీయ రిజిస్ట్రీలో రాస్తున్నారు. మీకు పెట్టే ఇంప్లాంట్ పేరేంటో, ఏదైనా రిజిస్ట్రీలో దానికి పదేళ్ల లెక్కలున్నాయో లేదో అడగండి. ఆపరేషన్ అయ్యాక దాని స్టిక్కర్లు అంటించిన కాగితం ఫైల్లో దాచుకోండి. ఎప్పుడో మళ్లీ తెరవాల్సి వస్తే ఆ సైజు నంబర్లు చాలా అవసరం.

రోబో సంగతి: ఎముకని ఏ కోణంలో కోయాలో ఆ కొలత మరింత కచ్చితంగా వస్తుంది, అది నిజం. దానివల్ల కీలు ఎక్కువ కాలం వస్తుందని గానీ, నొప్పి బాగా తక్కువ ఉంటుందని గానీ ఇంకా తేలలేదు. ఎముక కోశాక ట్రయల్ ముక్కలు పెట్టి, కాలు వంచి, చాపి, పక్కలకి వత్తి చూస్తాం. లోపలి స్నాయువు బిగుతుగా ఉందా, బయటిది వదులుగా ఉందా అని తేల్చుకుని సరిచేశాకే అసలు కీలు సిమెంట్‌తో అతికిస్తాం. రోబో ఉన్నా ఆ నిర్ణయం సర్జన్‌దే. చేయి తిరిగిన సర్జన్ ఉంటే రోబో లేదని వదులుకోకండి.

థియేటర్_సిస్టర్

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. వచ్చేముందు ఇంట్లో చేసే పొరపాట్లు కొన్ని రోజూ చూస్తుంటాం, అవి చెబుతాను.

కాలి మీద వెంట్రుకలు ఇంట్లో రేజర్‌తో గీసుకుని రాకండి. కంటికి కనిపించని గాట్లు పడతాయి, అక్కడ సూక్ష్మజీవులు చేరతాయి. తీయాల్సి వస్తే మేమే క్లిప్పర్‌తో తీస్తాం. కాలి మీద పుండు, గోటిచుట్టు, వేళ్ల మధ్య ఒరుపు, మూత్రంలో మంట, పుచ్చిన పన్ను, ఏది ఉన్నా ముందే చెప్పండి. తేదీ వాయిదా పడుతుందని దాచేవాళ్లున్నారు. దయచేసి దాచకండి. కొత్త కీలులో చీము పడితే దాన్ని తీసి, నెలల తరబడి మందులు వాడి, మళ్లీ ఇంకోటి వేయాల్సి రావచ్చు. వంద మందిలో ఒకరిద్దరికి మాత్రమే వస్తుంది, కానీ వచ్చినవాళ్ల కష్టం దగ్గర నుంచి చూశాను.

ఏ కాలో పెన్నుతో గుర్తు పెట్టేటప్పుడు మెలకువగా ఉండి మీరే చూపించండి. ఇక మీ పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ కాలు అని నాలుగుసార్లు అడిగితే విసుక్కోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్ అది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, థియేటర్ దాటేముందు అందరం ఆగి పైకి చదువుతాం. యాంటీబయాటిక్ పడిందా లేదా అన్నది కూడా అందులోనే చూసుకుంటాం. కోతకి ముందు గంటలోపు అది రక్తంలోకి వెళ్లాలి.

మత్తు_డాక్టర్

సిస్టర్ చెప్పినదానికి నా వైపు నుంచి మందుల సంగతి కలుపుతాను. ఇక్కడే ఎక్కువ తికమక.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాకు పేరు, డోసు, ఎందుకు ఇచ్చారో కూడా చెప్పండి. కొన్ని ఐదు రోజుల ముందు ఆపుతాం, కొన్ని వారం ముందు, కొన్ని అసలు ఆపం. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్ మాత్రల్లో ఎస్‌జీఎల్‌టీ2 రకానికి (షుగర్‌ని మూత్రంలో బయటికి పంపేవాటికి) చెందినవి కనీసం 3 రోజుల ముందే ఆపాలి. మూలికల మందులు, శక్తి పొడులు కూడా మందులే, వాటి పేర్లూ రాయించండి. మూడు నెలల షుగర్ సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 7.5 లేదా 8 దాటితే ముందు దాన్ని దించుకురమ్మని చాలామంది సర్జన్లు వెనక్కి పంపుతారు. అది మీ మంచికే. పొగ తాగేవాళ్లు కనీసం 4 వారాల ముందు పూర్తిగా మానేయాలి. గాయం మానడం దగ్గర నుంచి ఊపిరి దాకా అన్నింటికీ తేడా కనిపిస్తుంది.

తినడం: తేలికపాటి ఆహారమైతే 6 గంటల ముందు, నూనె ఎక్కువ ఉన్నదైతే 8 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు. రాత్రి నుంచి గుక్క నీళ్లు కూడా తాగకుండా నీరసపడి రావాల్సిన పని చాలామందికి లేదు. మీ ఆసుపత్రి ఏం చెప్పిందో అది పాటించండి.

ఎక్కువగా వెన్నుకి మత్తు ఇస్తాం. నడుము నుంచి కింద మొద్దుబారుతుంది. సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయని భయపడేవాళ్లకి నిద్ర మందు కూడా ఇస్తాం. వెన్నుకి ఇచ్చే ఆ ఇంజెక్షన్ వల్ల జీవితాంతం నడుం నొప్పి వస్తుందన్న భయం అందరికీ ఉంటుంది. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు, అంతే.

పొడికళ్ళు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాన్నకి 79 ఏళ్లు. నిన్న రాత్రి జారిపడి తుంటి విరిగింది. ఇక్కడి సర్జన్ రేపే చేస్తామంటున్నారు. పేరున్న డాక్టర్ కోసం వారం ఆగమని బంధువులు. ఏం చేయాలి?

ఎముకల_వైద్యం

ఆగకండి. తుంటి విరిగిన పెద్దవాళ్ల విషయం అరుగుదల లాంటిది కాదు. వీలైతే 48 గంటల లోపు ఆపరేషన్ అయిపోవాలి. మంచం మీద గడిచే ప్రతి రోజూ న్యుమోనియా, పుండ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, మతి తప్పడం లాంటి ముప్పులు పెరుగుతాయి. గుండెకో మరోదానికో ముందు వైద్యం కావాలని అక్కడి మత్తు డాక్టర్ చెబితే తప్ప ఆలస్యం వద్దు. ఈ ఆపరేషన్ ఎముకల సర్జన్లందరూ శిక్షణలోనే నేర్చుకుంటారు. ఇంటికి వచ్చాక ఎముకల బోలుతనానికి మందు మొదలుపెట్టారా అని మరిచిపోకుండా అడగండి. ఒకసారి తుంటి విరిగినవాళ్లకి మరోచోట విరిగే ముప్పు ఎక్కువ. చాలామందికి ఆ మందు రాయకుండానే పంపేస్తున్నారు, నాకది చాలా బాధగా ఉంటుంది.

పొడికళ్ళు

అర్థమైంది సార్. రేపటికే ఒప్పుకుంటున్నాం.

నొప్పి_తగ్గలేదు

అందరూ మంచే చెబుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు చేసి ఏడాది దాటింది. నొప్పి పోలేదు. అడిగితే ఎక్స్‌రే బాగుంది, అలవాటైపోతుంది అంటారు. నాకే ఎందుకిలా అని ఏడుపొస్తుంది.

ఎముకల_వైద్యం

మీరొక్కరే కాదు. మోకీలు మార్చుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు పూర్తిగా తృప్తిగా లేరని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఆపరేషన్‌కి ముందే ఈ మాట చెప్పడం సర్జన్ బాధ్యత.

ఏడాది తర్వాత కూడా నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్న మాటతో ఆగకూడదు. మొదట ఇన్ఫెక్షన్ లేదని తేల్చాలి. ఒంట్లో ఇన్ఫెక్షన్ జాడ చూపే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రక్త పరీక్షలు, అవసరమైతే కీలులోంచి నీరు తీసి పరీక్ష. తర్వాత కీలు వదులైందా, పక్కకి తిరిగిపోయి అమరిందా, మోకాలి చిప్ప సరిగ్గా కదులుతోందా అని చూడాలి. నొప్పి అసలు మోకాలిదేనా అన్నదీ చూడాలి. తుంటి కీలు అరిగినా, నడుములో నరం నొక్కుకున్నా నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది. రివిజన్ ఆపరేషన్లు, అంటే ఒకసారి వేసిన కీలుని మళ్లీ సరిచేసే ఆపరేషన్లు, తరచుగా చేసే మరో సర్జన్‌కి పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లి చూపించండి. కారణం దొరక్కుండా మళ్లీ తెరవడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

నొప్పి_తగ్గలేదు

ఇంతవరకు ఎవరూ ఆ రక్త పరీక్షలు రాయలేదండీ. రేపే అడుగుతాను. థాంక్స్.

ఫిజియో_అక్క

ఇంటికి వచ్చాక ఏం చేయాలో నేను చెబుతాను. రోగుల ఇళ్లకి వెళ్లి చేయించేదాన్ని.

మోకాలి కింద దిండు పెట్టుకోకండి. ఇదొక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. దిండు పెడితే హాయిగా ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు ప్రేమగా పెడతారు. కానీ కాలు కొంచెం వంగిన చోటే బిగుసుకుపోతుంది, ఇక పూర్తిగా చాపడం రాదు. చాపలేని కాలితో నడిస్తే కుంటు మిగిలిపోతుంది. చుట్టిన టవల్ మడమ కింద పెట్టండి. మోకాలి వెనక భాగం పరుపు వైపు దిగాలి. అలా ఉంచి తొడ కండ బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి.

చాలాచోట్ల ఆపరేషన్ రోజో మర్నాడో నిలబెడతారు. నరానికి మత్తు ఇచ్చి ఉంటే తొడలో పట్టు ఉండదు, పక్కన మనిషి లేకుండా మంచం దిగొద్దు. పాదాలు పైకీ కిందికీ ఆడించడం మెలకువగా ఉన్నంతసేపూ చేస్తుండాలి, పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా. వంగడం రెండు వారాలకి దాదాపు 90 డిగ్రీలు వస్తే బాగున్నట్టే. తర్వాత 110, 120 వరకు మెల్లగా వస్తుంది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకి వ్యాయామం పెట్టుకోండి. నొప్పి భరించి మాత్ర మానేశానని గొప్పగా చెప్పేవాళ్ల కాళ్లే ఎక్కువ బిగుసుకుపోవడం చూశాను.

కొన్ని చూసి కంగారు పడొద్దు. కోత పక్కన బయటి వైపు స్పర్శ తెలియదు, చర్మానికి వెళ్లే చిన్న నరం కోతలో తెగుతుంది కాబట్టి. కొన్ని నెలల పాటు మోకాలు వెచ్చగా, కొంచెం వాపుగా ఉంటుంది. నడుస్తుంటే టక్ టక్ మంటుంది. మూడో వారంలో రాత్రిళ్లు నిద్ర పట్టక, ఎందుకు చేయించుకున్నానా అని దిగులు పడతారు. చాలామందికి ఆ దశ దాటిపోతుంది.

థియేటర్_సిస్టర్

కంగారు పడాల్సినవి కూడా రాయాలి అక్కా. పిక్క గట్టిగా వాచి నొప్పి పెట్టడం, కుట్ల దగ్గర నీరు కారడం ఆగకపోవడం, ఎరుపు రోజురోజుకీ పెరగడం, చలితో జ్వరం, వీటికి ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫోన్లతో టైమ్ పోగొట్టకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు. ఇంకోటి, కుట్ల దగ్గర చీము అనిపిస్తే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోకండి. పరీక్షలో సూక్ష్మజీవి దొరక్కుండా పోతుంది.

వెన్నెలదారి

అన్నీ అమ్మకి చదివి వినిపించాను. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడి మోకాలు లోపలి వైపు పూర్తిగా అతుక్కుపోయి ఉంది, ఎడమదానిలో ఇంకా సందు ఉంది. వ్యాయామం చెప్పిన డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లాం. కుడిదొక్కటే చేద్దామన్నారు, ఫెలోషిప్ వివరాలు, ఇన్ఫెక్షన్ లెక్కలు అడిగితే ఓపిగ్గా చెప్పారు. అమ్మకి ఒక పన్ను పుచ్చింది, దాన్ని ముందు చూపించమన్నారు. మోకాల్లో గతనెల ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల మూడు నెలలు ఆగాలన్నారు. అది నిజమేనా?

ఎముకల_వైద్యం

నిజమే. ఆ ఇంజెక్షన్ వేసిన మూడు నెలల లోపు కీలు మారిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఆ సంగతి ఆయనే అడిగి తెలుసుకున్నారంటే మంచి చేతుల్లో ఉన్నారు. ఈ మూడు నెలల్లో పన్ను, షుగర్, తొడ కండ మూడూ చూసుకోండి.

వెన్నెలదారి

చాలా ధైర్యం వచ్చిందండీ. ఫిజియో అక్కా, మా ఇల్లు మేడ మీద. మెట్లు ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి?

ఫిజియో_అక్క

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒక చేత్తో రెయిలింగ్, రెండో చేత్తో కర్ర. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనాకే తర్వాతి మెట్టు. ఆసుపత్రి నుంచి పంపేముందు అక్కడి ఫిజియో చేత మెట్లు ఎక్కించి చూడమని అడగండి, అప్పటిదాకా ఇంటికి తీసుకురావద్దు. మీరు అమ్మగారికి ఎక్కేటప్పుడు ఒక మెట్టు వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు ఉండండి. ఈ మూడు నెలల్లోనే ఆ వరుస అలవాటు చేయించండి.